కృపాజ్యోతి బన్నులు, జెమీమా నోరు

జగ్గయ్యపేటలో నోరు మూసుకుని కూర్చోగలిగిన మనిషి ఇప్పటిదాకా ఒక్కతే పుట్టింది. దాని పేరు జెమీమా. వయసు పదహారు నెలలు. మాటల సంగతి కాదు, తిండి సంగతి. చెంచా కనపడితే చాలు, పెదాలు రెండూ లోపలికి లాక్కుని బిగించేసేది. మధ్యలోంచి చీమ కూడా దూరేది కాదు. ఆ నోరు తెరవాలంటే హైవే మీద పనిచేసే జేసీబీని పిలిపించాలని కన్నతండ్రి దేవరాజే అన్నాడు. దేవరాజు పేట నుంచి పెనుగంచిప్రోలుకి ఆటో తోలతాడు. ముగ్గురు కూర్చునే ఆటోలో పదకొండు మందిని సర్దగలడు గానీ, ఆ పిల్ల నోట్లో ఒక్క మెతుకు సర్దలేకపోయాడు.

ఇక తల్లి కృపాజ్యోతి అవస్థ చూడాలి. ఆమె పుట్టిల్లు కంచికచర్ల. వాళ్ళమ్మకి బస్టాండు దగ్గర బజ్జీల బండి ఉండేది. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో కిటికీల్లోంచి నలభై నోళ్ళకి అందించిన వంశం. అలాంటి ఇంటి పిల్ల, సొంత బిడ్డ నోటి ముందు చెయ్యి చాచి, చాచిన చెయ్యి చాచినట్టే పెట్టుకుని గంటలకి గంటలు కూర్చునేది. చేతిలో ముద్ద ఎండిపోయేది. పిల్ల మాత్రం గోడ మీద బల్లిని చూస్తూ ఉండేది.

ఒకరోజు అంగన్‌వాడీ టీచరు ప్రేమకుమారి వీధిలో పిల్లలందర్నీ తూచింది. జెమీమా దగ్గరికి వచ్చేసరికి బరువు కార్డు మీద చుక్క పెట్టి, కృపాజ్యోతిని పక్కకి పిలిచింది.

"ఏడు కిలోలే ఉంది జ్యోతీ. పసుపు గీత అడుగంచున ఉంది. వచ్చే నెల ఇంకా దిగిందంటే ఎర్రది. అప్పుడిక నా చేతుల్లో ఉండదమ్మా. విజయవాడ పెద్దాసుపత్రికి రాయాల్సిందే. పద్నాలుగు రోజులు అక్కడే ఉంచుతారు."

"తినటంలా మేడమ్. నేనేం చెయ్యను?"

"ముద్దలు మానేసి వేరే రకంగా పెట్టు. తనే పట్టుకుని కొరుక్కునేట్టు. పంచదార వద్దు, మైదా వద్దు. పళ్ళూ కూరగాయలూ కలిపి ఏదన్నా కాల్చి చూడు."

కాల్చడానికి కృపాజ్యోతికి ఓవెన్ ఎక్కడిది? ఫోనులో చూసి తనే ఒకటి కట్టుకుంది. అత్తగారు రత్తమ్మ క్రిస్మస్‌కి బిర్యానీ వండే మందపాటి దాకలో మునేరు ఇసుక రెండు వేళ్ళ మందాన పోసి, సన్నటి సెగ మీద పెట్టింది. బాగా మగ్గిన అరటిపండు చిదిమి, కేరట్ తురిమి, నానబెట్టిన ఖర్జూరం రుబ్బి, రాగిపిండిలో గుడ్డు కొట్టి అన్నీ కలిపింది. చిటికెడు వంటసోడా వేసింది. ఇడ్లీ పళ్ళెం గుంటలకి వెన్న రాసి, పిండి పోసి, పళ్ళేన్ని వేడి ఇసుక మీద దించి మూత పెట్టింది. మూత మీద రోకలిబండ. ముప్పావుగంటకి మూత తీస్తే, ఆ వాసనకి చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీలు ఆగిపోయాయంటారు. టోల్‌గేటు దగ్గర లారీలు ఎలాగూ ఆగుతాయనుకోండి, కానీ ఆ రోజు డబ్బులు కట్టాక కూడా కదల్లేదట.

బన్ను చల్లార్చి, ముక్క తుంచి, కృపాజ్యోతి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల బన్ను వైపు చూసింది. తల్లి మొహం వైపు చూసింది. మళ్ళీ బన్ను వైపు చూసింది. పెదాలు లోపలికి లాక్కుంది.

మర్నాడు గుమ్మడికాయతో చేసింది. ఆ తర్వాత బీట్‌రూటు. చిలగడదుంపలో సపోటా కలిపి ఒకసారి, కేరట్‌లో ఆపిల్ కలిపి ఇంకోసారి. బన్ను రంగు మారింది గానీ కథ మారలేదు. ఈమె చెయ్యి ముందుకెళితే పిల్ల తల వెనక్కెళ్ళేది. ఈమె ఊపిరి బిగబట్టేది, పిల్ల పెదాలు బిగబట్టేది. పాట పాడింది. ఫోనులో ఏనుగుని చూపించింది. ఒకరోజు కాళ్ళు పట్టుకుని "తినవే తల్లీ, నీకు పుణ్యముంటుందే" అని బతిమాలింది. జెమీమా జాలిపడి తల్లి తల నిమిరింది. నోరు మాత్రం తెరవలేదు.

మిగిలిన బన్నులు పారెయ్యలేక పక్కింటి పుష్పవతి కొడుకు చిన్నబాబుకి పంపేది. రెండేళ్ళ చిన్నబాబు నెల తిరక్కుండా పొట్టేలులా తయారయ్యాడు. వాడు వాకిట్లో పరిగెడితే గోడల మీద సున్నం రాలేది. వాడి బుగ్గలు చూసినప్పుడల్లా కృపాజ్యోతికి సంతోషమూ వేసేది, చెయ్యి దానంతటదే జెమీమా బుగ్గల మీదికీ పోయేది.

నెల తిరిగింది. తూకం రోజున ఆమె విజయవాడకి సంచి సర్దుకునే వెళ్ళింది. రెండు జతల బట్టలు, బైబిలు, పిల్ల దుప్పటి. ప్రేమకుమారి పిల్లని తూకం సంచిలో వేలాడదీసి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఏడు కిలోల ఆరువందలు! శభాష్ జ్యోతీ, ఏం పెట్టావే?"

"ఏమీ పెట్టలా మేడమ్."

"మరి గాలి మేసి పెరిగిందా?"

బిడ్డ బరువు పెరిగిందంటే నమ్మని తల్లి భూప్రపంచంలో ఈమె ఒక్కతే. నేరుగా వరప్రసాదరావు మిరపకాయల కొట్టుకెళ్ళి కాటా మీద కూర్చోబెట్టింది. అక్కడా ఏడు కిలోల ఆరువందలే. పిల్లకి మూడు తుమ్ములొచ్చాయి, బరువు మాత్రం తగ్గలేదు. అప్పుడు మొదలైంది అసలు భయం. తినకుండా పెరిగిందంటే ఏమిటి? ఒంటికి నీరు పట్టిందా? ఆ మధ్యాహ్నమే దేవరాజు ఆటోలో నందిగామ వెళ్ళి, పిల్లల డాక్టరు ముందు కూర్చుంది.

"చెప్పమ్మా, ఏంటి బాధ?" అన్నాడు డాక్టరు.

"బరువు పెరిగిందండీ," అని భోరుమంది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "పెరిగితే మంచిదేగా?"

"ఏమీ తినకుండా పెరిగిందండీ. నా చేత్తో పెట్టింది ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదండీ."

డాక్టరు పిల్ల పాదాలు నొక్కి చూశాడు, పొట్ట చూశాడు, నాలుక చూపించమన్నాడు. ఆయన అడగ్గానే జెమీమా గుహంత నోరు తెరిచింది. కృపాజ్యోతి నందిగామలో ఆ నోటి లోపలి వైపు, టిక్కెట్టు కొని సినిమా చూసినట్టు చూసుకుంది.

"నీరూ లేదు, రోగమూ లేదు. ఎవరో పెడుతున్నారు తల్లీ. ఇంట్లో కనుక్కో."

ఇంట్లో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. రత్తమ్మ "నాకేం తెలుసే" అని గిన్నెలు తోముకుంది. పిల్ల రోజూ ఆడుకునేది చిన్నబాబుతోనే గనక వాళ్ళమ్మనీ అడిగింది. పుష్పవతి "మా ఇంట్లోనా? ముట్టుకోనే ముట్టుకోదక్కా" అని ఒట్టేసినంత పని చేసింది. దాంతో కృపాజ్యోతి మర్నాడు బజారుకని బయల్దేరి, వీధి చివర నుంచి వెనక్కొచ్చి, పుష్పవతి వాళ్ళ ప్రహరీ పక్కన నక్కింది. గోడకి గాలి కోసం పెట్టిన చిల్లుల ఇటుకలున్నాయి. ఒక చిల్లుకి కన్ను ఆనించింది.

లోపల పుష్పవతి కనకాంబరాలు కట్టుకుంటోంది. పిల్లల వైపు చూడనైనా చూడట్లేదు. నేల మీద స్టీలు పళ్ళెంలో పొద్దున తను పంపిన గుమ్మడికాయ బన్నులు. ఒక పక్క చిన్నబాబు, ఇంకో పక్క జెమీమా. జెమీమా రెండు చేతులతో బన్ను పట్టుకుని, ముక్కు కూడా అందులో దూర్చి, పిల్లి పాలు తాగినట్టు కళ్ళు మూసుకుని తింటోంది. ఒకటి అయిపోయింది. రెండోది తీసుకుంది.

కృపాజ్యోతి లేవబోయింది. వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టి కిందికి లాగారు. రత్తమ్మ.

"కదలమాకే. నిన్ను చూసిందంటే మూసేసుద్ది."

"నీకు తెలుసా అత్తా?"

"వీధంతా తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలా?"

"పిల్ల బాగా తింటందని కన్నతల్లికి ఎవతన్నా చెప్పిద్దా? దిష్టి కొట్టదూ! పుష్పవతి చెబితే ఆ అమ్మాయి కళ్ళు పడ్డయ్యంటారు, నేను చెబితే నా కళ్ళు పడ్డయ్యంటారు."

"మనకి దిష్టేందత్తా? ప్రార్థన చేసుకునేవాళ్ళం."

"మనకి లేదులే. ప్రభువున్నాడు. ఎందుకైనా మంచిదని ఊరుకున్నా."

"నెల రోజులు నేను ఏడుస్తుంటే చూస్తా కూర్చున్నారా?"

"చూళ్ళేక నేనూ ఏడ్చానే. పెరట్లోకెళ్ళి ఏడ్చా."

ఆ మర్నాడు కృపాజ్యోతి ఎత్తు వేసింది. తనూ పుష్పవతి పక్కన కూర్చుని, తనూ దారమందుకుని, తనూ పిల్లల వైపు చూడకుండా పూలు కట్టింది. చూడలేదు గానీ, ఒళ్ళంతా కళ్ళే. చెవులు చూస్తున్నాయి, వీపు చూస్తోంది. కట్టిన మూరలో పువ్వులు తక్కువ, ముడులు ఎక్కువ. జెమీమా పళ్ళెంలోంచి బన్ను తీసింది. నోటిదాకా తెచ్చింది. తల్లి చేతిలో దారం ఆగిపోయింది. అంతే, ఆ బన్ను దారి మార్చుకుని చిన్నబాబు నోట్లోకి పోయింది.

"నువ్వు వెళ్ళక్కా," అంది పుష్పవతి మెల్లగా. "తప్పుగా అనుకోమాక."

ఏమనుకుంటుంది? లేచి వెళ్ళింది.

అప్పటి నుంచి ఆమె పని బన్నులు చెయ్యడమూ, ప్రహరీ పక్కన నిలబడడమూ. చిల్లు దగ్గర చెంప ఆనించీ ఆనించీ ఇటుక గుర్తు చెంపకి పడింది. ఆ గుర్తుతోనే ఆదివారం చర్చికి వెళితే ఎవరో కొట్టారనుకుని పాపం దేవరాజుని నిలదీశారు.

మొన్న శుక్రవారం చిలగడదుంప బన్నులు. లోపల పళ్ళెం ఖాళీ అయింది. జెమీమా ఖాళీ పళ్ళేన్ని ఎత్తి, బోర్లించి, కింద ఏమన్నా రాలుతుందేమో చూసింది. పుష్పవతి మోకాలు తట్టింది.

"మళ్ళీ," అంది.

ఆ పిల్ల నోటి నుంచి ఎవరూ వినని మాట. రెండోసారి గట్టిగా అంది. "మళ్ళీ!"

మళ్ళీ పెట్టడానికి పుష్పవతి దగ్గర ఏమీ లేదు. రెండో వాయి బన్నులు గోడకి ఇవతల, కృపాజ్యోతి చేతుల్లో, గుడ్డ కింద వేడి వేడిగా ఉన్నాయి. నాలుగడుగుల దూరం. గుమ్మంలోకి అడుగు పెడితే ఆ నోరు మూతపడుతుంది. పెట్టకపోతే పిల్ల ఆకలితో అడుగుతోంది. గొంతెత్తి అత్తని పిలిచి ఆమెతో లోపలికి పంపుదామంటే ఆ గొంతు పిల్లకి తెలుసు. రత్తమ్మేమో కుళాయి దగ్గర బిందె నింపుతూ పక్కవీధి కబుర్లలో మునిగిపోయి ఉంది.

లోపల పిల్ల ఏడుపు అందుకుంది. కృపాజ్యోతి ఒక చేత్తో పళ్ళెం గుండెకి ఆనించుకుని, గోడ పక్కన అలాగే నిలబడి, రత్తమ్మ ఇటు తిరిగి చూడాలని అత్త వీపు వైపు రెండో చెయ్యి ఊపుతూ ఉండిపోయింది.