టేపులో లేని మాట

దయ్యాల కథలు మొదలయ్యాయంటే లేచి వెళ్ళి బియ్యం ఏరుకునే రకం నేను. భయపడి కాదు, నమ్మకం లేక. నేను ప్రార్థన మానని మనిషినే. అయినా ఎవరైనా వచ్చి తమకేదో స్వరం వినిపించిందంటే "రాత్రి సరిగ్గా నిద్రపోయారా?" అని అడుగుతాను. మా సంఘంలో నన్ను కాస్త మొండిఘటం కిందే జమకడతారు.

ఇది ఎనభైల్లో మాట. మాది తెనాలి వైపు. మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నేను ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అందుకని మా చర్చికి విదేశాల నుంచి ఎవరొచ్చినా అనువాదం నా నెత్తిన పడేది.

ఆ ఏడాది ఆస్ట్రేలియాలోని ఒక చిన్న సంఘం నుంచి ఐదుగురు వస్తామన్నారు. వేసవి సెలవుల్లో, ఎల్బీ నగర్ వైపు కొత్తగా లేస్తున్న కాలనీల పిల్లలకు ఐదు రోజులపాటు పాటలు, బైబిలు కథలు, చేతిపనులు. వాళ్ళకు పెద్ద మార్గరెట్ గారు, రిటైరైన టీచరు. ఆవిడా నేనూ ఆరు నెలలు ఉత్తరాలు రాసుకుని, ఏ పాట ఎన్ని నిమిషాలో కూడా కాగితం మీద పెట్టుకున్నాం. రంగులు వేయించడానికి ఆవిడ ముందు మంచుమనిషి బొమ్మ పంపారు. మే నెల ఎండలో, ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే పిల్లలకి మంచుమనిషేమిటండీ అని రాశాను. పాపం, వెంటనే దాన్ని తీసేసి దూది అంటించే గొర్రెపిల్ల బొమ్మ పంపారు.

స్థలం సత్తిరెడ్డి గారిది. మన్సూరాబాద్ దగ్గర ఆయన ద్రాక్షతోట సగం అప్పటికే ప్లాట్లయిపోయి తెల్లరాళ్ళు పాతేశారు. మిగిలిన సగం పక్కన, పళ్ళు పెట్టెల్లో సర్దే రేకుల షెడ్డు ఉండేది. కాపు అయిపోయింది కాబట్టి ఖాళీగా ఉంది. అడగడానికి వెళితే, "పిల్లగాండ్ల కొరకే గదా టీచరమ్మా, వాడుకోండ్రి. కిరాయి గిరాయి ఏమొద్దు" అన్నారు.

మొదటి రెండు రోజులూ కాగితం మీద ఉన్నట్టే జరిగాయి. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. అయితే మేమనుకున్నదానికి రెట్టింపు మంది పిల్లలొచ్చారు. చివర్లో ఇచ్చే నిమ్మకాయ షర్బత్‌కి మా అల్యూమినియం గిన్నె చాలలేదు. రెండో రోజు ఇంటికి బయల్దేరేముందు, తోట పని చూసే యాదయ్యను పిలిచి, "పెద్ద డ్రమ్ము ఏదైనా ఉంటే బాగా కడిగి రేపు షెడ్డు వెనక పెట్టు, నీళ్ళు పోసుకోవాలి" అన్నాను.

నీళ్ళు దేనికో చెప్పలేదు. పిల్లలు జిగురు చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాడతను. తప్పు నాదే. ఆరు నెలలు నిమిషాలతో సహా రాసుకున్న మహాతల్లిని, ఆ ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాను.

మూడో రోజు ఉదయం ఎనిమిదింటికల్లా షెడ్డు లోపలికి వెళ్ళాను. మళ్ళీ బయటికి రాలేదు. మేము పాటలు మొదలుపెట్టాక డ్రమ్ము తెచ్చానని యాదయ్య తర్వాత చెప్పాడు. మా సంఘంలోని ఇద్దరు అక్కలు అందులోనే నీళ్ళు, పంచదార, నిమ్మరసం కలిపారు. ఇదంతా పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. ఆ డ్రమ్మును అప్పటికి నేను కంటితో చూడలేదు. ఎలాంటిది తెస్తాడో కూడా నాకు తెలియదు.

ఆ రోజు కథ, యేసు వేలమంది కడుపు నింపిన ఐదు రొట్టెలు, రెండు చేపలు. మార్గరెట్ గారు ఒక వాక్యం ఇంగ్లీషులో చెబితే, నేను తెలుగులో చెప్పేదాన్ని. వాళ్ళ సంఘానికి వినిపించడానికని వాళ్ళలో ఒకరు టేప్ రికార్డర్ పెట్టి అంతా రికార్డు చేస్తున్నారు.

కథ అయిపోయింది. కాగితం ప్రకారం ఇక పిల్లలు వరుస కట్టి షర్బత్‌కి వెళ్ళాలి. అప్పుడు మార్గరెట్ గారి గొంతు, నా ఎడమ పక్క నుంచి, మామూలుగానే వినిపించింది. ఆ షర్బత్ పిల్లలకి ఇవ్వకండి, పారబోయండి అని ఇంగ్లీషులో. గొంతు ఆవిడదే, యాస ఆవిడదే, రెండు రోజులుగా పట్టిన జలుబుతో సహా. నేను అదే తెలుగులో చెప్పాను.

పిల్లలంతా ఉసూరుమన్నారు. వెనక గుమ్మంలో గ్లాసు ముంచబోతున్న అక్క అలాగే ఆగిపోయింది. మార్గరెట్ గారు నా వైపు తిరిగి, ఏం చెప్పావు, వాళ్ళెందుకు అలా అయిపోయారు అని అడిగారు.

సత్తిరెడ్డి గారు ఆ రోజు పిల్లల పాటలు చూద్దామని వచ్చి పక్కన నిలబడి ఉన్నారు. సంగతేమిటో చూద్దామని షెడ్డు వెనక్కి వెళ్ళారు. మరుక్షణం ఆయన కేక వినిపించింది.

"ఏయ్ యాదీ! గీ డ్రమ్ము ఎందుకు తెచ్చినవ్‌రా? గిది తోటకు మందు కలిపే డ్రమ్ము!"

"చేతులు కడుక్కునేటందుకు అనుకున్న పటేలా" అన్నాడు యాదయ్య. అతని మొహంలో నెత్తురు లేదు.

సత్తిరెడ్డి గారు నా దగ్గరికి వచ్చారు. "ఒక్కలు గూడ తాగలే గదా టీచరమ్మా? ఎన్నిసార్లు కడిగినా గా మందు పోదు. పోయినేడు గిండ్ల నిల్సిన వాననీళ్ళు తాగి మా లేగదూడ పొద్దుగూకేసరికి సచ్చిపోయింది."

ఒక్కరూ తాగలేదు. డ్రమ్ము బోర్లించి, పిల్లల్ని గేటు దాకా దింపి వచ్చాను. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. నిజంగా ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ కాకపోయేదేమో కూడా.

నేను మార్గరెట్ గారి చెయ్యి పట్టుకుని, మీకెలా తెలిసిందని అడిగాను. తాను ఆ మాట అననే లేదని, అప్పుడు పేజీ తిప్పుతున్నానని ఆవిడన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత చెవి దగ్గర విన్నాక ఇదేం మాట అనుకున్నాను.

మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో అందరం కూర్చుని టేపు పెట్టాం. కథలో ఆవిడ చివరి వాక్యం ఉంది. దానికి నా తెలుగు ఉంది. తర్వాత కాగితం తిప్పిన చప్పుడు, ఎవరో పిల్లవాడి దగ్గు, రేకుల మీద కాకి నడిచిన చప్పుడు. తర్వాత నా గొంతు. మధ్యలో ఆవిడ గొంతు లేదు. మూడుసార్లు తిప్పి తిప్పి విన్నాం. లేదు.

మా ఆయన, నీకు మందు వాసన తగిలి ఉంటుందన్నారు. డ్రమ్ము మీదికి వంగి షర్బత్ కలిపిన ఇద్దరికీ రాని వాసన, రేకు గోడకు ఇవతలున్న నాకెలా వస్తుంది? మార్గరెట్ గారు అది దేవదూత అన్నారు. మర్నాడు సంగతి విన్న సత్తిరెడ్డి గారేమో, అది చనిపోయిన తన తల్లి పని అన్నారు. "గీ తోట మా అమ్మ పెట్టింది. ఆమె ఈడనే తిరుగుతది" అని ఎంతో మామూలుగా చెప్పారు. నేను దేనికీ తలూపలేదు. ఇప్పటికీ ఊపను.

మిగిలిన రెండు రోజుల కార్యక్రమం కూడా జరిగింది. షర్బత్ మాత్రం మా గిన్నెలోనే, రెండు విడతలుగా కలిపాం. తర్వాత అందరూ నన్ను పొగిడారు. ఆ పొగడ్త నాకు మింగుడుపడలేదు. కారణం మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అనువాదం చేసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. మాట్లాడేవాళ్ళు సందర్భానికి తగని మాటంటే దాన్ని మెల్లగా మింగేసి, తగినది చెప్పేస్తాం. షర్బత్ పారబోయమన్న మాట వినగానే నాకు చిరాకొచ్చింది. ఈ దొరసానికి మన నీళ్ళంటే అనుమానం, పొద్దున్నుంచి కష్టపడ్డ అక్కలు నొచ్చుకుంటారు అనుకున్నాను. తెలుగులో చెప్పకుండా వదిలేద్దామని నిశ్చయించుకున్నాను కూడా. టేపులో జాగ్రత్తగా వింటే నా గొంతు "అందరూ" అని మొదలై ఆగుతుంది. షర్బత్ ఇవ్వకండి, పారబోయండన్న మాట ఆ తర్వాత వస్తుంది. విన్నవాళ్ళంతా అది ఒకటే వాక్యమనుకున్నారు.

కాదు. "అందరూ" తర్వాత నా నోట్లో సిద్ధంగా ఉన్నది "వరుసలో రండి, షర్బత్ తాగుదాం" అన్న మాట. ఆ ఇంగ్లీషు మాట ఎవరిదో నాకు తెలియదు. నా నోట్లోని ఆ మాట బయటికి ఎందుకు రాలేదో అంతకన్నా తెలియదు.