వాన చప్పుడు విన్నవాడి మీద తీర్మానం

ఆ సాయంత్రం కార్మికుల పఠనమందిరంలో ఉన్నవి: ఇనుప కుర్చీలు మూడు, గోడవారగా బెంచీ ఒకటి, నేల మీద జంపఖానా, తిరగని ఫ్యాను, అట్ట ఊడిపోయిన నవల. ఉన్నవాళ్ళు: కుర్చీల్లో సంక్షేమాధికారి, హైస్కూలు హెడ్మాస్టరు, యూనియన్ కార్యదర్శి. బెంచీ మీద, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసే అన్న, ఆయన పక్కన నేను. పాలిటెక్నిక్ డిప్లొమాతో సర్వే సెక్షన్‌లో అప్పుడే చేరాను. జంపఖానా మీద బొగ్గు నింపే ఫిల్లర్లు నలుగురు. బెంచీ మీద ఇంకా చోటుంది. రమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళూ రాలేదు. మొత్తం తొమ్మిది మందిమి.

నోటీసు బోర్డు మీద రాసింది ‘సాహిత్య చర్చ’ అని. నిజానికి తేలాల్సింది వేరే. ఆ గది తాళంచెవి ల్యాంపు రూము అన్న దగ్గర ఉండాలా, పోవాలా అన్నది. జీతం లేని పని అది. డ్యూటీ దిగాక గది తెరిచి, చదువు రాని ఫిల్లర్లకు చదివి వినిపించేవాడు. ఆయనకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. మొలతాడుకు కట్టుకున్న ఆ తాళంచెవి తప్ప గోదావరిఖనిలో తనదని చెప్పుకునేది ఏమీ లేదు.

గొడవకు మూలం నవల. పాత పుస్తకాల కట్టలో వచ్చిన అనువాదం. భూమి అడుగున ఒక నగరం. గాలిపెద్దలు ఒకే ఒక్క ఫ్యానుతో ఇంటింటికీ గాలి కొలిచి పోస్తారు. పైన అంతా విషం, బతికినది ఏదీ లేదు అన్నది అక్కడి మతం. ఒకడు పైనుంచి వాన చప్పుడు విన్నానంటాడు. దైవద్రోహి అని ముద్ర వేసి, తలుపు తెరిచి బయటికి నెట్టేస్తారు. వాడు బతికాడో లేదో రచయిత చెప్పడు. గొప్ప నవలేం కాదు. అంత లోతున అంత జనానికి ఒక్క ఫ్యానుతో గాలి ఆడదు. ఆ సంగతి రచయితకు తెలియదు.

ఫిల్లర్లకు మాత్రం నచ్చింది. చదివిన రోజు వాళ్ళు మాట్లాడుకున్నది నేను విన్నాను.

“వాన పడుతుందన్నందుకే ఎల్లగొట్టిండ్రా? షిఫ్టు మారంగనే కిందికొచ్చేటోన్ని మనం ఫస్టు అడిగేది గదే గదరా, పైన వానొచ్చిందా అని!”

“నువ్వు అడిగేది వాన కోసం గాదు బావా, కల్లు మండువ తెరిచిండ్రా లేదా అని.”

“అన్నా, గా గాలిపెద్దలు గాలి ఏడికెల్లి పీలుస్తరు? ఆళ్ళకూ కొలతేనా?”

ల్యాంపు రూము అన్న పుస్తకం మూసి, “గా సంగతి రాయలే. రాయలేదంటే కొలత లేనట్టే” అన్నాడు.

ఆ మాట మర్నాడు గని మొఖం దగ్గర తేలింది. దిగేముందు అందరికీ తలాషీ ఉంటుంది, బీడీ, అగ్గిపెట్టె కిందికి పోకుండా. తలాషీ జవాను ‘చేతులెత్తు’ అనగానే రెండు చేతులూ తల మీదికి లేపి వేళ్ళు విప్పాలి. గ్యాసున్న గనిలో అది మంచి ఆచారమే. కానీ మా గనిలో కోటు వేసుకున్నవాళ్ళను తడిమేవాళ్ళు కాదు. ఒక ఫిల్లరు చేతులెత్తి నిలబడే, “దొరల జేబుల అగ్గిపుల్ల అంటుకోదా?” అని అడిగాడు. పది రోజులు తిరక్కుండా ఈ సాహిత్య చర్చ.

సంక్షేమాధికారి మొదలుపెట్టాడు. “చూడండీ, ఈ నవలలో గాలిపెద్దలను రచయిత అపార్థం చేసుకున్నాడండీ. కంట్రోలు లేకపోతే నగరమే లేదు గదా?” నవల ఆయన చదవలేదు. చదివి ఉంటే గాలిపెద్ద కూడా ఇదే మాట ఇదే గొంతుతో అంటాడని తెలిసేది.

హెడ్మాస్టరు అధికారం ఒక ప్రతీక అన్నాడు, వాన మరో ప్రతీక అన్నాడు, తలుపు అంతకన్నా పెద్ద ప్రతీక అన్నాడు. ఆయన కొడుకు ఉద్యోగం దరఖాస్తు సంక్షేమాధికారి బల్ల మీద ఉంది. అది ప్రతీక కాదు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “వాడొక్కడే విన్ననంటే తప్పు గాదా కామ్రేడ్? పదిమందిని కూడగట్టి ఇనాలె.” వాన చప్పుడు వినడానికి కూడా సంఘం అనుమతి కావాలని ఆ రోజే తెలుసుకున్నాను.

“అన్నా, మరి మీరు పదిమందిని కూడగట్టుండ్రి, తలాషీ సంగతి అడుగుదం” అన్నాడు జంపఖానా మీది ఫిల్లరు ఒకడు.

“అది వేరే ముచ్చట” అన్నాడు కార్యదర్శి.

చివరికి ల్యాంపు రూము అన్నను అడిగారు. ఆయన లేచి, “సార్, నాకు పుస్తకం మీద ఫికర్ లేదు. తీస్కపోండ్రి. తాళంచెవి మాత్రం ఉండనియ్యుండ్రి. ఈళ్ళు డ్యూటీ దిగొచ్చి తలుపు కాడ నిలబడ్తరు” అన్నాడు. ఫిల్లర్లు నలుగురూ తలలూపారు. వాళ్ళు వచ్చిందే అందుకు.

సంక్షేమాధికారి కాగితం తీసి, సగం ఇంగ్లీషులో తీర్మానం చదివాడు. ‘కస్టడీ’ అన్నాడు, ‘డిసిప్లిన్’ అన్నాడు, ‘రీడింగ్ మ్యాటర్’ అన్నాడు. తాళంచెవి ఆఫీసుకు అప్పగించాలన్న ముక్క వాటి మధ్య ఎక్కడో పోయింది. ఫిల్లర్లలో ఒకాయన కునుకు తీస్తున్నాడు. మొదటి షిఫ్టు చేసి వచ్చిన మనిషి.

కాగితం మడిచి గట్టిగా అన్నాడు అధికారి. “అందరూ లేవండి. చేతులెత్తండి.”

నలుగురు ఫిల్లర్లూ ఒక్కసారి లేచారు. రెండేసి చేతులు తల మీదికి లేపారు. వేళ్ళు విప్పారు. నిద్రలోంచి లేచినాయన రుమాలు కూడా విప్పి దులిపాడు.

హెడ్మాస్టరు తన కుడి చెయ్యి ఎత్తి ఉంచి, ఎడమ చేతి వేలితో గాల్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కార్యదర్శి కిందికి చూస్తూ ఒక చెయ్యి ఎత్తాడు. అధికారి కూడా ఎత్తాడు.

“సార్, వాళ్ళు తలాషీ అనుకున్నారు” అన్నాను.

“అవ్ సార్, మేం తలాషీ అనుకున్నం! మా అన్న తాళంచెవి మా అన్నకే ఉండాలె!” అని అరిచాడు ఫిల్లరు, చేతులు ఇంకా పైనే ఉంచి.

“ఓటు వేశాక చర్చ లేదండీ” అన్నాడు అధికారి. హెడ్మాస్టరు అంకె వేశాడు. గణితం చెప్పే మనిషి.

ల్యాంపు రూము అన్న చొక్కా ఎత్తి, మొలతాడు ముడి విప్పి, తాళంచెవిని నవల మీద పెట్టాడు. మర్నాటి నుంచి గది ఆఫీసు వేళల్లోనే తెరిచారు. ఆ వేళకు ఫిల్లర్లు భూమి అడుగున ఉంటారు.

తీర్మానం నోటీసు బోర్డుకు అంటించారు. హాజరు తొమ్మిది. అనుకూలంగా ఎత్తిన చేతులు పదకొండు.