తీగ తెగినా మాట ఆగలేదు

పోయినేడే అక్షరాలు నేర్చుకున్నాను, అందుకే ఈ సంగతి ఆలస్యంగా రాస్తున్నాను. గొర్రెలు కాసే మా ఆయనను పాము కరిచింది. ఊరి ఆస్పత్రిలో నర్సమ్మ, కంప్యూటరు తెర మీద కనిపిస్తున్న అనంతపురం డాక్టరు చెప్పినట్టు మందు ఎక్కిస్తోంది. ఉన్నట్టుండి డాక్టరు మాయమయ్యాడు. జేసీబీ రోడ్డు తవ్వుతూ ఇంటర్నెట్టు తీగ తెంపిందట. నా ప్రాణం పోయినట్టయింది. అంతలోనే, ఎవరూ ఏమీ చేయకుండానే, డాక్టరు మళ్లీ తెర మీద కనిపించాడు!

మా ఆయన గండం గడిచాక, "డాక్టరు మళ్లీ ఎట్లొచ్చినాడు తల్లీ?" అని అడిగాను.

"డాక్టరు మాటొచ్చే దోవ పొడుగునా రూటర్లని పెట్టెలుంటాయి పెద్దమ్మా. అనంతపురానికి నా మీదుగా పోతే ఇంత దూరమని ప్రతి పెట్టె పక్కదానికి చెప్తాంటాది. ఒక దోవ తెగితే, మిగిలినవాట్లో దగ్గరిది పట్టుకుంటాయి," అంది నర్సమ్మ.

మంచం మీది నుంచి మా ఆయన నవ్వాడు. "ఎండాకాలం నీళ్లకు మనమూ అంతే గదే! ఎదురైన కాపరి చెప్పిన దూరానికి మన నడక కలిపి, ఇంకోనికి చెప్తాం."

ఇన్నేళ్లూ నేను చెప్పిన దూరాలు సరైనవేనా అని లెక్కేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఒక్కదాన్నే గొర్రెలు తోలుకుపోతుంటే, ఒక కాపరి నీళ్లెక్కడని అడిగాడు. ఎన్నడూ లేనంత జాగ్రత్తగా దూరం లెక్కేసి చెప్పాను.