కాలవ వైపు గోడ

ఆవిడ ఉద్యోగం పేరు ఎవరికీ నోరు తిరగదు గనక అందరూ గోడలమ్మ అనేవారు. ఊళ్లో వరదనీటిని ఆపే గోడలు, కట్టలు, నీటిని పోనిచ్చే తూములు ఎక్కడున్నాయో చూసి, కొలిచి, మున్సిపల్ ఆఫీసు రిజిస్టరులో రాయడం ఆవిడ పని. ఒకసారి రాశాక, ఎవరి సొంత గోడైనా సరే, అనుమతి లేకుండా ఇటుక కదపకూడదు. ఎండలో తిరిగే ఆవిడకి ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చేవారు. వాళ్లందరినీ ప్రార్థనలో తలుచుకునేది.

ఆ ఏడు కొలతలు కాలవ వెంబడి సాగి సాగి ఆవిడ సొంత పెరటి గోడ దగ్గరికే వచ్చాయి.

సరిగ్గా ఆ గోడకే తలుపు పెట్టించాలని అత్తగారి ముచ్చట. అవతల, ఎత్తైన దిమ్మల మీద కట్టిన ఇంట్లో కుట్టుపని చేసే స్నేహితురాలుంది. చుట్టూ తిరిగి వెళ్లాలంటే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నెలరోజులుగా గోడకి అటొకరు ఇటొకరు నిలబడి కేకలేసుకుంటున్నారు. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.

“అత్తయ్యా, నీళ్లెప్పుడైనా ఈ గోడదాకా వచ్చాయా?” అంది కోడలు, టేపు పట్టుకుని.

“రాకేం? నీ మొగుడు అప్పుడు చంటిపిల్లాడు. అటు నీళ్లు నిలిస్తే ఇటు చెమ్మ ఎక్కింది. ఎక్కినంతమేరా మేకుతో గీశాను, చూడు!” అంటూ నాచు గోకి మరీ చూపించింది. మోకాలెత్తున గీత.

కోడలు రాసుకోవడం చూశాక గానీ, తన తలుపుకి తనే అడ్డం కొట్టుకుందని అత్తగారికి వెలగలేదు.

“రాసేస్తున్నావా? మేస్త్రీ వచ్చి వెళ్లేదాకా జ్వరం తెచ్చుకోకూడదూ!”

“ఈ గోడ చాటున పదకొండిళ్లున్నాయత్తయ్యా. మనింటిని వదిలేస్తే రేపు ఏ మొహం పెట్టుకుని వాళ్లిచ్చిన నీళ్లు తాగను?”

“నీ నోరే నీ కొంప ముంచిందే!” గోడ అవతల కుట్టుపనావిడ పకపకా నవ్వింది.

“నోర్ముయ్యవే! ఈ తలుపు నీకోసమే కదా!”

అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే కోడలి సీసాలో నీళ్లు నింపడం మాత్రం మానలేదు.  మూడోరోజు ఆ నిండు సీసా పక్కన పెట్టుకుని కోడలు తను రాసినదే మళ్లీ చదువుకుంది. నీళ్లని ఆపింది గీతదాకానే కదా! పైభాగం మాటేమిటి?

సొంతింటికి తను సంతకం పెట్టకూడదు. అత్తగారి చేత అర్జీ పెట్టించింది. ఆఫీసరు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని స్వయంగా కొలిచాడు.

“ఈ గీత ఎవరిదమ్మా?”

“నాదే బాబూ. మొన్న కోపంలో అరగదీసేద్దామని గరుకురాయి కూడా తెచ్చాను. దేవుడు చూస్తున్నాడనిపించి చెయ్యి రాలేదు.”

“చెరిపేసుంటే ఎక్కడిదాకా కొయ్యొచ్చో నాకెలా తెలిసేది పెద్దమ్మా? తలుపు కుదరదు. గీతకి రెండు జానలు పైకి కిటికీ పెట్టుకోండి.”

పెట్టుకున్నారు. గోడకి అటో కుర్చీ, ఇటో కుర్చీ. చేతికి చెయ్యి అందేంత దగ్గర. అయినా అలవాటు పోక ఇద్దరివీ కేకలే.

“మెల్లగా అత్తయ్యా, వీధంతా వింటోంది!”

“విననీవే! రిజిస్టరుకెక్కిన కిటికీ మాది!”