వనజను కొలిచిన పురికొస

దమ్మపేటలో బడి యూనిఫారాలు కుట్టే ఇన్నమ్మ చచ్చిపోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఆమే వచ్చి పిల్లల కొలతలు తీసుకుంటోంది. సరే, పూర్తిగా చచ్చిపోయిందని చెప్పలేను. శవపెట్టెకు కొలతలు మాత్రం ఇచ్చింది, అదీ తనే పోయి పడుకుని. అబద్ధం పాపమని కాన్వెంటులో సిస్టర్లు నాకు బెత్తంతో నేర్పారు. అందుకే ఇంతవరకు తగ్గించాను. ఇక తగ్గించను. మిగతాదంతా ఆమె మొగుడు తోమాసు నోట విన్నదే.

ఇన్నమ్మకు చదువు రాదు. టేపు మీది అంకెలు ఆమెకు చీమల బారు. అందుకని పిల్లకొక తాడు చొప్పున పెట్టుకుంది. ఛాతీకి ఒక ముడి, నడుముకు ఒకటి, పొడవుకు ఒకటి. చివర రంగు గుడ్డ పీలిక కడుతుంది. ఏ రంగు ఎవరిదో ఆమెకు తెలుసు. బడులు తెరిచే ముందు అడవి పల్లెలకు బస్సులో కొంత, కాలినడకన కొంత పోతుంది. కొలతలతో ఊరుకోదు. హాస్టల్‌కు పోయే పిల్లలుంటే ట్రంకుపెట్టెలో ఏమేం సర్దాలో చెబుతుంది. కంచం అడుగున మేకుతో గుర్తు కొట్టిస్తుంది. ఆధార్ కాగితం తడవకుండా కవర్లో పెట్టిస్తుంది. తలలో పేలు కూడా చూస్తుంది.

తోమాసు వడ్రంగి. క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోతే పెట్టె చేసేదీ అతనే. చనిపోయినవాళ్లను అతను టేపుతో కొలవడు. తండ్రి నేర్పినట్టు కొత్త పురికొసతో కొలిచి, పొడవుకొక ముడి, భుజాలకొక ముడి వేస్తాడు. పని అయ్యాక ఆ పురికొసను పెట్టెలోనే, కాళ్ల దగ్గర పెట్టేస్తాడు. అది బయట మిగలకూడదు. మిగిలితే, చివరగా ఎవరిని కొలిచిందో వాళ్ల కోసం చావు వస్తుందని వాళ్లింట్లో తాతల నాటి భయం.

మూడేళ్ల కింద ఒక పురికొస మిగిలింది. పక్క ఊళ్లో ఒక ముసలాయన పోతే తోమాసు పోయి కొలిచాడు. ఇంతలో చుట్టాలు ఖమ్మం నుంచి తయారుగా ఉన్న పెట్టె తెచ్చారు. పురికొస అతని చొక్కా జేబులో ఉండిపోయింది. చొక్కా ఉతకబోతూ ఇన్నమ్మ దాన్ని చూసి, తన తాళ్లలోదే అనుకుని సంచిలో వేసుకుంది.

సోమవారం ఆమె వెళ్లిన పల్లెలో చివరి పిల్ల వనజ. పదేళ్లది. ముత్తక్క కూతురు. ఆ ఇంటి నుంచి హాస్టల్‌కు పోతున్న మొదటి పిల్ల. అప్పటికి కొత్త తాళ్లు అయిపోయాయి. సంచి అడుగున ఒక పురికొస దొరికింది. దానికి రెండు పాత ముళ్లున్నాయి. ఇన్నమ్మ వాటిని పంటితో విప్పి పిల్లను కొలిచింది. పసుపు పీలిక కట్టింది.

బుధవారం కుట్టుమిషన్ ముందు కూర్చుని వనజ యూనిఫారం గౌను కత్తిరిస్తుంటే తోమాసు వచ్చి, జేబులో పురికొస ఉండాలి, ఏదని అడిగాడు. ఇన్నమ్మ చేతిలో కత్తెర ఆగింది. పసుపు పీలిక ఉన్న తాడు కేసి చూసింది. తోమాసూ చూశాడు.

మర్నాడు పొద్దున్నే గౌను సంచిలో పెట్టుకుని బయలుదేరింది. రోడ్డు మీద బస్సు దిగి టేకు చెట్ల మధ్య దారి పట్టింది. ఏళ్లుగా నడిచిన దారే. ఆ రోజు వెనక ఎండుటాకు కదిలినా ఆగింది. జపమాల తిప్పుతూ, మధ్యలో లెక్క తప్పి, మళ్లీ మొదలుపెడుతూ నడిచింది. పల్లెలో ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించింది. ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దానికి ఇంకా భయపడింది.

వనజ గొంగడి కింద వణుకుతోంది. పళ్లు టకటకమంటున్నాయి.

"నువ్వు కొలిచి పోయిన కాడినుంచి గిట్లనే ఉన్నది అక్కా" అంది ముత్తక్క.

మామూలుగా అన్న మాటే. ఇన్నమ్మ సంగతి చెప్పబోయి, చెప్పలేక, పిల్లను భుజాన వేసుకుంది. రోడ్డు దాకా మోసి, ఆటోలో దవాఖానాకు చేర్చింది. రక్తం చూసి మలేరియా అన్నారు. మాత్రలు, సెలైన్ పెట్టారు. రెండు రోజులైతే గాని ఏమీ చెప్పలేమన్నారు. బడి తెరిచేది వచ్చే గురువారం. బతికితే చాలు, బడికి పంపనంది ముత్తక్క.

ఇన్నమ్మ నేరుగా తోమాసు పని చేసుకునే పాకలోకి పోయింది. చెక్కపొట్టు దులిపి పొడవాటి బల్ల మీద వెల్లకిలా పడుకుంది. పురికొస అతని చేతికిచ్చింది.

"కొలువు."

"ఏందే, పిచ్చి లేసిందా?"

"చివరికెవరిని కొలిస్తే వాళ్లనే గద. కొలువు."

"ఫాదర్ వింటే నవ్వుతడు. లెవ్వు."

"నవ్వనియ్యి. ఆ పిల్లకు పదేండ్లు, నాకు యాభై ఎనిమిది. నువ్వు కొలుస్తవా, నన్ను నేనే కొలుచుకోమంటవా?"

వందమందిని కొలిచిన తోమాసు ఆమెను తల నుంచి మడమ దాకా పట్టి ముడి వేశాడు. భుజాలకు రెండోది వేయడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఊపిరి అందుతోందా అని అతను వంగి చూశాడు.

శనివారం వనజకు జ్వరం దిగింది. గంజి అడిగింది. ఆ కబురు వినగానే ఇన్నమ్మ ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి పోయింది. ఏ చీర కట్టి పెట్టెలో పెట్టాలో తోమాసుకు చూపించింది. అరువు తెచ్చిన రోలు తిరిగి ఇచ్చేసింది. దగ్గు వస్తే అది దగ్గేనా అని ఆగి చూసుకునేది.

గురువారం ముత్తక్క మనసు మార్చుకుని పిల్లను పంపింది. బస్సు దగ్గర గౌను వనజ ఒంటి మీద వేలాడుతోంది. బిగించమని తల్లి అడిగితే ఇన్నమ్మ తాడు తీయలేదు. దూరంగా నిలబడి, కంటితోనే అంచనా వేసి, రెండు పిన్నీసులు తల్లి చేతికే ఇచ్చింది.

ఆ పురికొస తోమాసు దగ్గరే ఉంది. పారేయలేడు, కాల్చలేడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే ఇన్నమ్మ మిషన్ తొక్కడం ఆపలేదు. "అన్ని అబద్ధాలే. నన్నెవ్వరు కొలవలే. ఆ పిల్లకు జరమొచ్చింది, మందులేస్తే తగ్గింది. గంతే" అంది.