బల్ల కింది డబ్బా

ఆ సందులో పిల్లా పెద్దా అందరూ అతన్ని పెట్టె మావయ్య అంటారు. ముప్పై ఏళ్లుగా ఒకే బల్ల, ఒకే ఇస్త్రీ పెట్టె. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డకు పెట్టె ఆకారంలో ఒక గోధుమరంగు మరక.

బల్లకు అవతలి చివర అక్క కూర్చునేది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఉతికి తెచ్చిన బట్టలకు నీళ్లు చిలకరించి అందించడం ఆమె పని. అందించే ముందు ప్రతి చొక్కా గుండీల పట్టీ మీద బొటనవేలు పైనుంచి కిందికి నడిపేది. గుండీ లేని చోట వేలు ఆగేది. అప్పుడు బల్ల కింద ఉన్న రేకు డబ్బా పైకి వచ్చేది. అందులో ఎప్పటెప్పటివో పాత గుండీలు. రంగు కలిసే గుండీ వెతికి కుట్టేసేది. కుట్టమని ఎవరూ అడగలేదు. కుట్టానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

"బోర్డు మార్పించనా అక్కా, ఉచిత గుండీల సేవ అని?"

"మార్పించు. అక్షరాలు పెద్దవిగా రాయించు, నాకసలే చత్వారం."

ఒకరోజు వకీలుగారి తెల్లచొక్కాకు ఆమె కుట్టిన గుండీ పెట్టె కింద కరిగి గుడ్డకు అతుక్కుపోయింది. గుండీల చుట్టూ పెట్టె మొనతో తిరిగి రావాలి గానీ మీదుగా పోకూడదు. ఈ పనిలో మొదటిరోజు నేర్పే మాట అది. ఆ పూట అతను పక్క కొట్టాయనతో కబుర్లలో పడి మీదుగా లాగేశాడు. ఆ సంగతి అతనికి తెలుసు. వకీలు కళ్లెర్రజేసేసరికి నోరు వేరే దారి పట్టింది.

"మా అక్క పనండీ. వద్దంటే వినదు."

వకీలు వెళ్లిపోయినా తమ్ముడికి కోపం దిగలేదు. డబ్బా తీసుకెళ్లి ఎదురుగా మురుక్కాలవలో కుమ్మరించాడు. అక్క ఒకసారి అటు చూసింది. తర్వాతి చొక్కాకు నీళ్లు చిలకరించింది. ఆ తర్వాత ఆమె వేలు మళ్లీ ఏ పట్టీ మీదా నడవలేదు. రెండేళ్లకు కూతురు వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది.

కొట్టుకు వచ్చే బట్టలు తగ్గిపోయాయి. మలుపులో కొత్తగా పెట్టిన లాండ్రీని తిట్టుకున్నాడు. ఒక సాయంత్రం బస్సు డ్రైవరు తన చొక్కాలు తీసుకుంటూ అడిగాడు.

"అక్కగారు ఇక రారా?"

"రాదండీ. ఏం, పనేమైనా ఉందా?"

"పనేం లేదు. మా ఆవిడ పోయాక నా చొక్కా వంక చూసిన మనిషి మీ అక్కగారొక్కరే. ఆ మాట ఆవిడతో ఒక్కసారైనా అందామనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి."

ఆయన చేతిలోని ఖాకీ చొక్కాకు రెండో గుండీ లేదు. అక్కడ పిన్నీసు ఉంది. పొద్దున ఆ పిన్నీసు చుట్టూ తనే జాగ్రత్తగా పెట్టె తిప్పి వచ్చాడు.

ఆదివారం మేనకోడలి ఇంటికి బయలుదేరాడు. చెప్పాల్సిన మాట దారంతా లోపల అనుకుంటూ వెళ్లాడు. గుమ్మంలోనే ఆపింది మేనకోడలు.

"మావయ్యా, అమ్మకు ఈ మధ్య ఏదీ గుర్తుండట్లేదు. ఒక్కోసారి నేనెవరో కూడా అడుగుతోంది. నువ్వేమీ అనుకోకు."

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతన్ని మాత్రం గుర్తుపట్టింది.

"వచ్చావురా. ఏమైనా తిన్నావా?"

"తిన్నానక్కా. ఆ వకీలుగారి చొక్కా... గుండీ మీదుగా పెట్టె లాగింది నేనే. తెలిసీ నీ మీదికి తోసేశాను."

"ఏ వకీలురా?"

"మన కొట్టుకు వచ్చేవాడు, పొడుగ్గా ఉండేవాడు."

ఆమె కాసేపు ఆలోచించింది. "ఏమో, గుర్తులేదు. కరిగితే కరిగిందిలే, ఇంకోటి కుడదాం."

అలా అంటూనే అతన్ని దగ్గరికి లాక్కుంది. బొటనవేలు అతని చొక్కా పట్టీ మీద కిందికి దిగుతూ మూడో కాజా దగ్గర ఆగింది. ఎన్ని నెలలైందో అక్కడి గుండీ ఊడి, అతనికే తెలియదు.

"చూశావా, నీదే లేదు. నిన్ను చూసుకునేవాళ్లెవరూ లేనట్టున్నారు. బల్ల కింద డబ్బా ఉంటుంది, ఇలా పట్రా."

అతను లేచాడు. పక్క గదిలోకి వెళ్లి ఉత్త చేతులతో నిలబడ్డాడు.

"దొరకలేదట్రా?" కిటికీ దగ్గర్నుంచే అడిగింది అక్క.

"వెతుకుతున్నానక్కా" అన్నాడు.