అవ్వ గోళ్ళకు పూసిన నీలం

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఒక్క పొద్దున ముప్పై మంది నేలకొరిగిండ్రు. నెత్తురు ఏరులై పారింది. ఆకాశం దద్దరిల్లింది.

నిజం చెప్పాలంటే ఆ నెత్తురు గ్లిజరిన్‌లో కలిపిన మిఠాయి రంగు. ఏరులేం లేవు, రెండు మగ్గులు. నేలకొరిగినోళ్ళంతా బిర్యానీ పొట్లం ఇస్తామంటే వచ్చినోళ్ళు. ఆకాశం దద్దరిల్లింది మాత్రం నిజమే, దుండిగల్ నుంచి శిక్షణ విమానం పోయింది.

మేడ్చల్ అవతల ఒక మెడికల్ కాలేజీలో దొంగ గాయాలు చేయడం నా ఉద్యోగం. బస్సు బోల్తా పడితే ఎవరిని ముందు చూడాలో డాక్టరు చదువు పిల్లలు నేర్చుకోవాలని ఉత్తుత్తి ప్రమాదం పెడతారు. ఎర్ర చీటీ కట్టినోళ్ళను జల్దీ మోసుకపోవాలి. నల్ల చీటీ అంటే పోయినోళ్ళు, వాళ్ళను దాటిపోవాలి.

ఈసారి లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మా ఊరోళ్ళనే తోలుకొచ్చిన. కాళ్ళు విరగడానికి పోటీలు పడ్డరు. నల్ల చీటీకి మాత్రం ఒక్కరూ రాలే. మంగళవారం పూట సచ్చుడేందని అడిగి, బుధవారానికి జరపమన్నడు ఒక పెద్దమనిషి. అప్పుడు మా అవ్వ లేచింది. అరిచే పని లేదు, నీడకు పండుకోవచ్చు, గదే బాగున్నదన్నది.

నవ్వుకుంటనే మొదలుపెట్టిన. మెడ మీద మైనంతో గాయం. పెదవులకు నీలం, పది గోళ్ళకూ నీలం. కళ్ళ కింద బూడిద రంగు రుద్దుతుంటే చెయ్యి ఆగింది. ఎన్నడో ఒకనాడు చూడక తప్పని ముఖం నా ముందర కూర్చోని ఉన్నది. నా పనితనం నాకే నచ్చకపోవడం అదే మొదటిసారి. మాట్లాడితే భయం తగ్గుతదని రూల్స్ చెప్పుకుంట పోయిన. చీటీ ఉన్నంతసేపు కదలొద్దు, పలుకొద్దు, ఊపిరి కనబడనీయొద్దు.

"నువ్వు పిల్చినా?" అనడిగింది అవ్వ.

"నేను పిల్చినా."

విజిల్ మోగింది. ఒక పిల్ల డాక్టరు వచ్చి, అవ్వ మీదికి వంగి చూసి, నల్ల చీటీ కట్టి దాటిపోయింది. కాసేపటికి నీడ జరిగింది. ఎండ సూటిగా అవ్వ ముఖం మీద పడ్డది. రెప్ప కూడా కదలలే. పొద్దున బీపీ గోళీ వేసుకున్నదో లేదో అడగలేదని అప్పుడు యాదికొచ్చింది.

దగ్గరికి పోయి "అవ్వా" అన్న. పలకలే.

పెదవులు నీలంగ ఉన్నయి. పూసింది నేనే, కింద అసలు రంగేందో తెల్వదు. గోళ్ళు చూద్దామంటే అవీ నీలమే. మెడ దగ్గర నాడి చూద్దామంటే మైనం. మనిషి బతికున్నదని చెప్పే గుర్తులన్నీ ఏరి ఏరి నేనే కప్పిన. మణికట్టు పట్టుకుంటే నాడి దడదడ కొట్టుకుంటున్నది. పానం లేచొచ్చింది. కానీ నేను పట్టింది బొటనవేలితో, దానికి సొంత నాడి ఉంటది. ఆ నాడి నాదే.

ఎవరికన్నా నిజంగ ఏమన్నా అయితే "అసల్" అని అరవాలని మా దగ్గర రూలు. నోరు తెరిస్తే గాలే వచ్చింది. నా వాలకం చూసి ఒక సిస్టర్ ఉరికొచ్చి ఆక్సీమీటర్ అవ్వ వేలికి తగిలించింది. అంకె రాలే, రెండు గీతలు వచ్చినయి. ఇంకో వేలు. మళ్ళీ గీతలే.

ఆ నల్ల చీటీ ఆమె చేతికి ఉండుడు చూడలేక పట్టుకొని గుంజి తెంపిన.

అవ్వ కళ్ళు తెరిచింది.

"గింత జల్దీ అయిపోయిందా?" అన్నది. తర్వాత నా ముఖం చూసి, "చీటీ ఉన్నంతసేపు నువ్వు పిల్చినా పలుకొద్దని నువ్వే చెప్తివి గదరా. ఇగ ఏడ్సుడేంది?"

ఏడుస్తలేను, గ్లిజరిన్ అన్న. విరిగిన కాళ్ళతో మా ఊరోళ్ళు నడిచొచ్చి, అందరికంటే నేనే బాగా యాక్ట్ చేసిన్నని మెచ్చుకున్నరు. సిస్టర్ అవ్వ వేలు ఒకటి తుడిచి మళ్ళీ పెట్టింది. తొంభై ఏడు.

గోళ్ళకు రంగుంటే ఆక్సీమీటర్ సరిగ పనిచేయదు. అందుకని ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక వేలు రంగు వేయకుండ వదిలేస్తున్నం. రంగు తీసే మందు సీసా రెండో అలమారలో, దూది పక్కన ఉంటది.